కాగితం కట్టల వెనక

రేవు పక్కన యార్డు. మిట్టమధ్యాహ్నం. మూసిన కంటైనర్ ముందు యార్డు మేస్త్రీ, అతని బామ్మర్ది.

"బావా, తలుపు తియ్."

"ష్! మెల్లగా."

"అక్క లోపలుంది బావా!"

"నా పెళ్ళాం ఎక్కడుందో నువ్వు నాకు చెప్పక్కర్లేదు."

"తెలిసే గొళ్ళెం పెట్టావా?"

"కస్టమ్స్ జీపు గేట్లోకొచ్చేసింది. ఏం చెయ్యమంటావ్? ముందు వరసేమో కాగితం కట్టలు. వెనకంతా పరాయి దేశపోళ్ళ వంటింటి చెత్త, డైపర్లు. కాగితమని చెప్పి తెప్పించిన సరుకు. కట్టల వెనకనుంచి మనిషి దిగొస్తే ఆఫీసరు చూస్తూ ఊరుకుంటాడా?"

"పైగా లోపల పురుగుల మందు కొట్టావు."

"పురుగూ వాసనా చావాలిగా. ఎప్పుడూ కొట్టేదే."

"ఎప్పుడూ అందరూ బయటికొచ్చాక కొడతాం బావా!"

"అది సీసాలేరుకుంటూ ఆ చివరికంటా పోయింది. పిలిచా. పలకలేదు."

"ఎంత గట్టిగా పిలిచావ్?"

"ఆఫీసరుండగా కేకలెయ్యమంటావా?"

"అదిగో... కొడుతోంది. రేకు మీద కొడుతోంది బావా!"

"వినపడింది. ఆఫీసరు మన గదిలో టీ తాగుతున్నాడు. తాగి పోతాడు. కాస్త ఓర్చుకో."

"ఓర్చుకోవాల్సింది నేనా? తప్పుకో, నేను తీస్తా."

"తియ్, తియ్. యార్డుకి తాళం, నాకు జైలు. మీ అమ్మ మందులు నువ్వు కొంటావా? ఆరు నెలల్నించి పనీపాటా లేక నా ఇంట్లో పడి తింటున్నావ్!"

"చచ్చిపోద్ది బావా..."

"మీ అక్క మొండిఘటం, ఏం కాదు. అబ్బా, వస్తున్నాడు. మొహం సరిచేసుకో. నమస్తే సార్! టీ బాగుందా సార్?"

"బాగుందయ్యా. ఆ చప్పుడేంటి?"

"పందికొక్కులు సార్. కాగితాలు కొరికి చంపుతున్నాయి."

"సార్, అవి పంది..."

"వీడు నా బామ్మర్ది సార్. కొంచెం తిక్క. ఇంకో టీ తాగుతారా సార్?"

"ఇంకోటా? సరే, తెప్పించు. ఎండ మండిపోతోంది. ఇక్కడే నీడలో కూర్చుంటా."

"కూర్చోండి సార్, కూర్చోండి. ఒరేయ్, టీ తే! నిన్నే. పో!"

"ఇదిగోండి సార్, టీ... బావా."

"ఏంటి?"

"చప్పుడు ఆగిపోయింది."

"మంచిదే. అలిసిపోయుంటుంది."

"బావా..."

"నోర్ముయ్. చూస్తున్నాడు."

"ఏంటయ్యా గుసగుసలు? తెరిచి చూపించమంటానని భయమా?"

"అయ్యో, భయమేంటి సార్? కాగితమే సార్, అంతా కాగితమే..."

"కాగితమా! పిచ్చోడా, ఈ చెత్తని రేవులో దింపనిచ్చిందే నేను. మీ యార్డు షావుకారు నీకు చెప్పలేదా? నన్ను చూసి తలుపులు మూసుకోవడమెందుకు? బార్లా తెరుచుకుని హాయిగా పని చేసుకోండి."