మగ్గానికి సెలవు

“టిక్కెట్టు యాడ తీసుకోవాలన్నా?”

“టిక్కెట్టా? ఊరికే రమ్మంటేనే ఎవరూ రారు, టిక్కెట్టు పెడితే వస్తారా? పో, ఎక్కుపో. యా ఊరప్పా మీది?”

“నాది ఎమ్మిగనూరు. పిల్లోళ్లు ఆదోనిలో ఉంటారు.”

“అట్లనా. బుధవారం పూట బడి లేదా వీళ్లకు?”

“అమావాస్య గదన్నా.”

“అయితే?”

“అమావాస్య నాడు మేము మగ్గంలోకి దిగము. నెలకొక దినం నాకు సెలవు.”

“సెలవు మగ్గానికి గదప్పా. బడికేమొచ్చె?”

“పా సుధమ్మా, పోదాం. ఎండెక్కుతాది.”

ఆదోనికి ఆవల అటవీశాఖ వాళ్లు కంచె వేసి వదిలేసిన చిన్న కొండ అది. గేటు కాడి కావలి మనిషి యేసేపు తప్ప పలకరించే దిక్కు లేదు. శివప్రసాద్ వెనక తొమ్మిదేళ్ల సాయిసుధ, ఐదేళ్ల ఉదయ్ ఎక్కుతున్నారు. పిల్లలు తల్లి దగ్గర, తను మగ్గం దగ్గర. నెలకు ఒక్క రోజే వాళ్లు అతని వాళ్లు. ఆ ఒక్క రోజుతో నెలంతా గడుపుకోవాలి పాపం.

“నాన్నా, జింకలు యాడుండాయి?”

“పైన ఉంటాయిరా ఉదయ్. గమ్మున నడుస్తే కనపడతాయి.”

“నేను గమ్మునే నడుస్తాండా. అక్కే మాట్లాడతాండాది.”

“నేనేమి మాట్లాడినాన్రా? నోరే తెరవలేదు.”

“అదే నేను గూడా అనుకుంటాండా సుధమ్మా. గేటు కాడి నుంచి ఒక్క మాటన్నా మాట్లాడకపోతివి. కొండ బాగలేదా?”

“బాగుండాది.”

“నీకోసరమే ఈడికి తెచ్చినా. పోయిన నెల మీ బడోళ్లంతా బస్సులో వచ్చింది ఈడికే గదా? ఆ పొద్దు నా కాడికొచ్చి, వాళ్లతో రాలేకపోతివి. అది మనసులో పెట్టుకుంటి.”

“ఊఁ.”

“ఏమి ఊఁ? అంతమంది అరుసుకుంటా వస్తే జింకలు నిలబడతాయా? మనమైతే ముగ్గురమే. కొండంతా మనదే.”

“హర్షిత జింకను సూసిందంట.”

“ఎవరు హర్షిత?”

“నా పక్కన కూర్చుంటాది. ఇప్పుడు కూర్చోదులే. ఈశ్వరి పక్కకు పోయింది.”

“ఎందుకు?”

“బస్సులో వాళ్లిద్దరూ ఒకటే సీటు.”

“దానికేముంది. రేపు పోయి, నేను గూడా కొండ సూసినానని సెప్పు.”

“రేపు సెప్తే ఎవరింటారు నాన్నా?”

“ఇదో, ఇదో సూడు. జింక పెంటికలు.”

“మేకవి నాన్నా. కంచె కాడ మేకలుండె.”

“మేకవి ఇంత ఉంటాయా?”

“ఉంటాయి.”

“నాన్నా, మళ్లా కూర్చుంటివి.”

“పిట్టను సూస్తాండారా ఉదయ్.”

“యాడ పిట్ట?”

“పోయె. నువ్వు అరిస్తే పోదా?”

“ఇందాక గూడా పోయె అన్నావు. నీకు కాళ్లు నొస్తాండాయి.”

“నాకెందుకు నొస్తాయిరా? పొద్దస్తమానం మగ్గం గుంతలో కాళ్లు ఆడించేటోన్ని.”

“మోకాలు పట్టుకుంటివి గదా.”

“రేయ్, ఈ మాట మీ అమ్మకు సెప్పొద్దు.”

“సెప్తే ఏమయితాది?”

“కొండే ఎక్కలేనోడు పిల్లోళ్లనేమి సూస్తాడు అంటాది. వచ్చే నెల పంపదు.”

“అమ్మ అట్లనదు నాన్నా.”

“నీకు తెలీదులే సుధమ్మా. రాండి, ఈ బండ మింద కూర్చుందాం. ఉగ్గాని, బజ్జీ తెచ్చినా.”

“అమ్మ చిత్రాన్నం కట్టిచ్చింది. నీకు గూడా అని సెప్పింది.”

“నాకెందుకు? మిమ్మల్ని పస్తు పెడతానని ఆమె భయం. అన్నంలో గూడా ఎత్తిపొడుపే.”

“కాదు నాన్నా...”

“సరేలే, తిను.”

“నాన్నా, ఈడ ఎవరూ లేరు ఎందుకు?”

“మనముండాం గదరా.”

“మనం గాక.”

“మనం సాలమా?”

“అక్కా, బేజారయితాండాది. ఇంటికి పోదామా?”

“గమ్మునుండురా.”

“సుధమ్మా, వచ్చే అమావాస్యకు యాడికి పోదాం? మంత్రాలయం పోదామా? ఏట్లో కాళ్లు పెట్టుకొని కూర్చోవచ్చు.”

“ఉదయ్‌కు నీళ్లంటే భయం.”

“అయితే వద్దు. నువ్వు యాడికంటే ఆడికే.”

“బజ్జీలు సల్లగయినాయి నాన్నా.”

“నేనడిగేది అది గాదు. వస్తావు గదా?”

“అమావాస్య యా వారం?”

“శుక్రవారం.”

“శుక్రవారం బడి ఉంటాది. ఆదివారం రాకూడదా?”

“ఆదివారం మగ్గం ఆడతాది గదమ్మా. మా నాయన గూడా అమావాస్య నాడు తప్ప ఉత్త దినం మగ్గం ఆపింది లేదు. ఒక్క పొద్దు బడి పోతే ఏమయితాది? నేనొచ్చి మీ సారుకు సెప్తా.”

“వద్దు నాన్నా. నువ్వు బడికి రావద్దు.”

“ఎందుకు?”

“ఊరికే.”

“ఊరికే ఏముండదు. నాకు తెలుసు, ఇదంతా మీ అమ్మ నేర్పిచ్చింది.”

“ఏంది?”

“నన్ను సూసి మొగం తిప్పుకునేది, మాటకు ముందర బడి బడి అనేది. మిమ్మల్ని పంపేది ఆమెకు ఇష్టం లేదు. పెద్దమనుషులు సెప్పినారని పంపుతాండాది, అంతే. నీ మనసులో ఏముందో నువ్వు సెప్పు తల్లీ. మీ అమ్మకు భయపడొద్దు. నేను మీకోసరం నెలంతా ఎదురు సూస్తాండా. ఆమె వద్దన్నా నువ్వు వస్తానను, సాలు నాకు.”

“ఏమీ అనుకోవు గదా నాన్నా?”

“నిన్నెందుకు అనుకుంటా?”

“వద్దనేది అమ్మ కాదు. నేనే. పొద్దున రానని ఏడిస్తే అమ్మ కొట్టింది. ‘అమావాస్య పొద్దు ఆ ఇంట్లో మగ్గం సప్పుడు గూడా ఉండదే, ఆ మనిషి ఒక్కడే ఎట్లుంటాడు, పో’ అని.”