మొదటి వరుసలో కుర్చీ

చాట్రాయి తోట పాకలో కూర్చుని అక్క మామిడికాయల తొడిమలు కత్తిరిస్తోంది. ఊరూరా స్టేజీలెక్కి స్పీచులిచ్చి బతికే తమ్ముడు కారు దిగి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కూర్చోమని కూడా అనలేదు ఆవిడ.

"రేపు మైలవరం కాలేజీలో నా ప్రోగ్రాం ఉందక్కా."

"తెలుసు. నీ వీడియో కూడా చూశాను. చిన్నప్పుడు కాయలు కోస్తూ చెట్టు మీద నుంచి పడ్డావంట, కాలు విరిగినా లేచి నడిచావంట."

"జనం చప్పట్లు కొట్టేది అక్కడే."

"పడింది నేను కదరా. విరిగిన కాలు నా దగ్గరే ఉంది, కావాలంటే చూసుకో."

"ఆ కథ లేకపోతే నన్నెవరూ పిలవరు. నా పొట్ట కొట్టకు. రేపు నువ్వక్కడికి రావద్దు, అది చెప్పడానికే వచ్చాను."

"సరే, ఒకటి చెప్పు. పడింది నువ్వైతే, కాయలు పట్టడానికి కింద గోనెపట్టా పట్టుకుని నిలబడింది ఎవరంట?"

అతను కారు వైపు చూశాడు.

"అక్క అని చెప్తాను."

"ఆ అక్క ఏం చేసింది?"

అతను కారు తాళాలు వేలికి తిప్పుకుంటున్నాడు.

"నోటితోనే కదా బతుకుతున్నావు, తెరువు."

"భయపడి పారిపోయిందని చెప్తాను."

ఆవిడ కత్తెర కింద పెట్టింది. ఆ రోజు గోనెపట్టా వదిలేసి చెట్ల మధ్య నుంచి పరిగెత్తిపోయిన నీలం నిక్కరు ఇప్పటికీ ఆవిడ కళ్ళ ముందే ఉంది. పాక గుంజ పట్టుకుని, ఎడంకాలు ఈడ్చుకుంటూ లేచింది.

"రేపు మొదటి వరుసలో నాకో కుర్చీ వేయించు. పారిపోయిన అక్క ఎలా నడుస్తుందో వాళ్ళు కూడా చూస్తారు."