గేటు దగ్గరి స్టూలు

పొద్దున్నే అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో షావుకారు ఒకప్పుడు తన కొట్లో దిమ్మలు మోసిన పాత కళాసీ ఎదుట చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. ఈ రోజు కోసమే కళాసీ ఆరేళ్లుగా కాచుకుని ఉన్నాడు.

"ఏటి బాబూ, ఇలాగొచ్చేరు?"

"నాకూ సుగరు జబ్బొచ్చిందిరా. బరువులు మొయ్యమన్నాడు డాక్టరు. కండ పనిచేస్తే నెత్తుట్లో పంచదారని అదే తినేస్తాదంట. నీకు తగ్గిందట కదా?"

"మీ కొట్టు మానేసి మళ్లీ మోత పట్టేక తగ్గింది. అసలెందుకొచ్చిందో ఎరికేనా? కళాసీల సంగం ఎట్టేనని నన్ను బెల్లం దిమ్మ ముట్టనివ్వలేదు మీరు. గేటుకాడ స్టూలేసి కూకోబెట్టేరు. నా కండంతా ఆ స్టూలు మీదే కరిగిపోయింది. సూసినోళ్లందరూ నవ్వేరు."

"పాతవెందుకురా? మోత నేర్పు."

"అలాగే బాబూ. ఈ తలగుడ్డ సుట్టుకోండి. దిమ్మెత్తుకుని మార్కెట్టంతా తిరగండి."

షావుకారు రెండు కొట్ల వరసలు తిరిగేసరికి కళాసీలంతా పని ఆపి మరీ చూస్తున్నారు.

"ఇంక మొయ్యలేనురా. గేటుకాడ స్టూలు పట్రా, కూకుంటాను."

"అదింకా ఎక్కడుంది బాబూ? నాకు జబ్బని తెలిసినాడే పొయ్యిలో ఎట్టేసేను. నడవండి, ఇంకా మూడు వరసలున్నాయి."