రోడ్డుకు అవతలి తూటాలు

షికాగో శివారులో ఆ రోడ్డుకు ఇవతల ఒక జిల్లా, అవతల మరో జిల్లా. తూటాల మీద పన్ను మాత్రం ఇవతలే ఉంది. జింకల వేట రోజులు దగ్గరపడ్డాయని, ఒక ముసలాయన ఇవతలి కొట్టుకు తుపాకీ బాగుచేయించడానికి వచ్చాడు. కొట్టాయన చిన్ననాటి నేస్తమే. అతని చూపు ముసలాయన చేతిసంచీలోంచి కనిపిస్తున్న అవతలి కొట్టు తూటాల పెట్టె మీద పడింది.

“రిపేరుకి నేనూ, తూటాలకి అవతలివాడూనా?”

“ఎక్కడ కొంటే నీకెందుకురా? తుపాకీ చూడు.”

“నీలాంటివాళ్లంతా రోడ్డు దాటబట్టే నేనిక్కడ ఈగలు తోలుకుంటున్నా.”

“పన్ను నేను వేశానా?”

“వెయ్యమన్నదెవరు? బస్టాపులో నీ మనవణ్ణి కాల్చేశాక, వాడి ఫొటో పట్టుకుని మీటింగులో నిలబడి, తూటాలింత చవగ్గా దొరక్కూడదని అరిచింది నువ్వు కాదూ? తోటి కొట్లవాళ్లు నన్ను తిడుతున్నా నీ పక్కనే నిలబడ్డాను.”

“నిలబడ్డావు. కాదన్నానా?”

“మరి నువ్వే ఎగ్గొడతావా? సిగ్గులేదూ? చిల్లర డబ్బుల కోసం వాడి పేరు...”

“నోర్ముయ్. డబ్బుల కోసమనుకున్నావా?”

“మరెందుకు?”

“పెట్టె చేతికిచ్చిన ప్రతిసారీ ‘పన్నుతో కలిపి ఇంత’ అంటావు నువ్వు. ఆ మాట చెవిన పడితే చాలు, మళ్లీ ఆ మీటింగులో వాడి ఫొటో పట్టుకుని నిలబడ్డట్టే ఉంటుంది నాకు. అవతలివాడు డబ్బు తీసుకుని పెట్టె ఇచ్చేస్తాడు. వాడికి నా మనవడెవరో తెలీదు.”