నేను పీకిన మేకులు, వంకరపోయిన సడకు

"బుచ్చవ్వా, మన ఊరి సడకు ముందుగాల గిక్కడ లేకుండెనట గదా? మా అవ్వనడిగితే, గా ముచ్చట బుచ్చమ్మకే బాగ ఎరుక, పోయి ఆమెనే అడుగు అన్నది."

అట్లన్నదా మీ అవ్వ? నవ్వుకుంట అన్నదా, మూతి ముడుసుకొని అన్నదా? నవ్విందా! సరే, ఇగ రా, కూసో. గా పీట గుంజుకో. ఫోన్ల పెడ్తవా నా మాట? పెట్టు పెట్టు. గిప్పుడు నాకేం భయ్యం లేదు. పోయిన యాడాది నువ్వు గిట్ల వచ్చి అడుగుతె, బిందె వట్టుకొని ఎనుక దర్వాజ కెళ్లి ఉరుకుదును. ఒట్టు!

ముందుగాల సడకెక్కడిది బిడ్డా, బండ్ల బాట. జనగామ దిక్కు కెళ్లి వచ్చేది. ఇప్పుడు రేషన్ దుకాణమున్నది సూడు, గా ముంగటి కెళ్లే ఊరి నడుమల నుంచి పోయి, వాగుల దిగి, అవుతల ఎక్కి తొర్రూరుకు పోయేది. వాగొచ్చిందంటె ఇగ గంతే, ఎక్కడోళ్లక్కడ. నా తల్లిగారిల్లు వాగు అవుతల దిక్కు. నేను కొత్త కోడలుగ వచ్చిన్నాడు వాగుల నడుము లోతు నీళ్లు. బండి దిగదు. మా మామ ఒడ్డు మీద నిలవడి, "నడువ్ బిడ్డా, ఏం గాదు" అంటడు. ఏం గాదంట! పెండ్లి చీర మొత్తం తడిసింది. గా చీర నూటిరువై... కాదు కాదు, నూటిరువై మా చెల్లెది, నాది ఎనబయ్యే. గప్పట్ల ఎనబై అంటే మాటలా?

ఏడున్న... ఆఁ, సడకు. తర్వాత కరువొచ్చింది. కరువు పని పెట్టిన్రు. గా బండ్ల బాట మీదనే కంకర పోసుడు. నేను, మీ అవ్వ ఎంకటమ్మ గక్కడనే జోడి కట్టినం. ఆమె సుత్తెతోటి రాయి కొట్టేది, నేను గంపల ఎత్తి పోసుకుంట పోదును. రెండు రూపాల కూలి, ఒక్కోసారి జొన్నలు. ఆమె చేతులు పుండ్లయితే నేను కొట్టేది, నా నెత్తి వాస్తే ఆమె మోసేది. గప్పటి సంది ఒక్క రొట్టెను రెండు తునకలు చేసుకొని తిన్నోళ్లం. మీ తాత కొమురయ్య నన్ను "సెల్లె" అని పిలిసేటోడు. నువ్వు సూడలే గాయినను. గాయిన పోయిన్నాడు మీ నాయినకే పదిహేనేండ్లు.

ఉండు, వస్తున్న. గాయిన ముచ్చట చెప్పాలంటె సడకు ముచ్చట అయిపోవాలె ముందుగాల.

కంకర సడకు కొన్నొద్దులు నడిసింది. ఇగ డాంబరు పోస్తరు, వాగు మీద బ్రిడ్జి కడ్తరు, ఊర్ల ఇండ్లు అడ్డమున్నయి గనుక సడకును ఊరి బయటికి మలుపుతరు అని ముచ్చట పుట్టింది. ఎవలకు చెప్పిన్రు? పెద్దోళ్లకు. ఎవల చేన్లకెళ్లి పోతదో, ఎప్పుడు కొలుస్తరో మా అసొంటోళ్లకెవడన్న చెప్పిండా? చెప్పలే. గదే వచ్చింది అసలు లొల్లి.

మా పెద్దోనికి గప్పుడు మూడేండ్లు. నాలుగొద్దుల సంది జరం. తొర్రూరు దవాఖాన్ల సూది ఇచ్చినా తగ్గలే. వాన్ని మా అత్త ఒళ్లె పండవెట్టి నేను పల్లికాయ చేను కలుపుకు పోయిన. పోతే ఏమున్నది! చేను నడుమల వరుసగ కట్టె మేకులు. సున్నం పూసి, మీద ఎర్ర గుడ్డ పీలికలు కట్టి ఉన్నయి. పక్కపొంటి ముగ్గు పోసినట్టు సున్నం గీత. చెప్పు బిడ్డా, నువ్వయితే ఏమనుకుంటవ్? సర్వే అంటవు నువ్వు, సదువుకున్నదానివి. నేను చేతబడి అనుకున్న. ఎర్ర గుడ్డాయె, సున్నమాయె, ఇంట్ల పోరడు మూలుగవట్టె. ఎవలో పెట్టిన్రు అనుకున్న... ఎవలో ఏంది, మా తోడికోడలే అనుకున్న. గట్టు పంచాది ఉండె మాకు. ఒడ్డు మీద నిలవడి ఆమెను తిట్టని తిట్టు లేదు. నీ చేతులు పడిపోను, నీ నోట్ల మన్నువడ అని. ఆమె తల్లిగారింటికి పోయి ఎనిమిదొద్దులైతుందని నాకు యాదికే లేదు, పాపం!

గసొంటివి ఎట్ల తియ్యాలెనో మా అమ్మ చెప్తుండె. ఎడమ చేత్తోటే పీకాలె, ఎవలతోటి మాట్లాడొద్దు, మర్రి సూడొద్దు, పారే నీళ్లల్ల ఇడిసిపెట్టాలె. మిట్టమద్యానం ఒక్కొక్కటే పీకిన. పదకొండో పన్నెండో. కొంగుల కట్టుకొని పోయి వాగుల ఇడిసిపెట్టిన. సున్నం గీతను కాలితోటి తుడిసిన. మూడుసార్లు తుపుక్కున ఊంచి, తానం చేసి ఇంటికొచ్చిన. సూడు మరి, పొద్దు వంగేసరికి పోరనికి చెమటలు వట్టి జరం దిగింది! సూది పని చేసిందో ఏమో, నాకేం తెలుసు. ఇగ నా అంత మొనగత్తె లోకంల లేదనుకున్న.

తెల్లారి జీపొచ్చింది. అండ్లకెళ్లి సర్వే సారు దిగిండు, ఎంబడి కొలిచే గొలుసు వట్టుకొని నలుగురు. "మా మేకులేవి? ఎవడు పీకిండు? సర్కారు పని అనుకున్నరా, ఆటలనుకున్నరా?" అని ఒకటే ఒర్రుడు. ఊరంత జమైంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను కొంగు దులుపుకుంటున్న. మా ఆయన నా దిక్కు సూసిండు. గాయినకు సమజైంది. ఇంటికి తోలుకపోయి, "నోరు ఇప్పినవంటే జైల్ల ఏస్తరు. సచ్చేదాంక ఇప్పకు" అన్నడు. ఇప్పలే. మా తోడికోడలు ఊర్లకొచ్చినంక గూడ ఇప్పలే.

వాళ్లు రెండొద్దులు కొలిసి మళ్ల మేకులు కొట్టిన్రు. మా చేను నడుమల సక్కగనే వచ్చినయి, చివరికి వచ్చేసరికి కొడవలి తీరుగ వంగినయి. మేకులు ఎట్ల వంగితే డాంబరు అట్లనే వంగింది. నాకు గప్పుడే గుండెల రాయి వడ్డది. నేను పీకినందుకు సారు లెక్క తప్పిండు, గందుకే సక్కగ పోయే సడకు వంకరపోయింది అనుకున్న. ఎవల నడుగుతం? అడిగితే దొరుకుతం.

బ్రిడ్జి మంచిగైంది, నిజం చెప్పాలె. వానకాలం గూడ బస్సు ఆగలే. మా చిన్నబిడ్డను భూపాలపల్లి ఇచ్చినం గదా, గా సడకు లేకపోతే దాని మొకం ఏడాదికోసారి గూడ సూడకపోదును. గని గా మలుపు మాత్రం మంచిది గాదు. అటుకెళ్లి వచ్చేటోడు ఇటోనికి కనవడడు. ఒకసారి పత్తి లారీ పల్టీ కొట్టె, ఒకసారి పెండ్లి టెంపో చేన్ల దిగె. దెబ్బలు తాకినోళ్లను సూసినప్పుడల్ల ఇది నా ఎడమ చెయ్యి పని అనుకునేదాన్ని. అయినా సావులు లేవు గదా అని మనసుకు సర్దిచెప్పుకునేది.

ఇగ మీ తాత. మిర్చి అమ్మి తొర్రూరు కెళ్లి లూనా మీద వస్తున్నడు. ఎదురుంగ లారీ. మలుపుల ఇద్దరికిద్దరు కనవడలే. గంతే బిడ్డా. గంతకన్న చెప్ప, నువ్వు ఏడుస్తవు.

మీ అవ్వ సొమ్మసిల్లి వడ్డది. పదకొండొద్దులు నేను మీ ఇంట్లనే ఉన్న. ముద్ద కలిపి నోట్ల పెట్టిన. ఆమె నా మెడ వట్టుకొని, "నువ్వు లేకపోతే నేనుగూడ పోదును బుచ్చీ" అంటె, నాకు భూమి పగిలితే అండ్ల పోవాలె అనిపిచ్చింది. నేను పీకకపోతే నీ మొగడు బతుకునే ఎంకటీ అని నాలిక కొసకు వచ్చేది. మింగేదాన్ని. ముప్పై ఏండ్లు మింగిన. మా ఆయన పోయినంక చెప్పుకునేందుకు గాయిన గూడ లేకపాయె.

గోదారి పుష్కరాలకు కాళేశ్వరం పోయినం ఇద్దరం. నేను మూడు మునుగులు మునిగిన. మీ అవ్వ నా చెయ్యి వట్టుకొని పక్కపొంటే మునిగింది. గోదాట్ల ఉండంగనే చెప్పాలె, పాపం పోతది అనుకున్న. నోరు రాలే. ఒడ్డుకొచ్చి ఆమె నాకు తలకాయ తుడుస్తుంటె నాకు ఏడుపొచ్చింది. సబ్బు కండ్లల్ల పోయిందన్న. గోదాట్ల సబ్బెక్కడిదే అన్నది.

పోయిన యాడాది మళ్ల సర్వే వచ్చింది. గిప్పుడు గొలుసుల్లేవు, మూడు కాళ్ల మిషిను. సడకు వెడల్పు చేస్తరట, మలుపు తీసి సక్కగ చేస్తరట. కొలిచేది గూడ ఆడపిల్లే, నీ ఈడుది. ఎండల వచ్చి, అవ్వా జర నీళ్లియ్యి అన్నది. ఇచ్చిన. దర్వాజ ఎనుక నిలవడి సూస్తున్న. ఇన్నేండ్లకు నా కోసమే వచ్చిన్రా ఏంది అని! ఆ పిల్ల మంచిగ కూసొని మజ్జిగ గూడ తాగింది. ఇగ నేనే ఆగలేక, "బిడ్డా, ఎవలన్న మేకులు పీకితే సడకు వంకరపోతదా?" అన్న. "ఎవలు పీకిన్రు అవ్వా?" అన్నది. చెప్పేసిన. అంత చెప్పేసిన. ఎర్ర గుడ్డ, ఎడమ చెయ్యి, వాగు, అంత. ఆ పిల్ల నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నది. నేను నవ్వుతలేనని సూసి ఆగింది. కొమురయ్య ముచ్చట చెప్పినంక నా చెయ్యి వట్టుకున్నది.

మూడొద్దులకు మళ్ల వచ్చింది. ఆఫీసుల పాత నక్ష ఉంటె ఫోన్ల ఫోటో తెచ్చింది. నాకు సదువు రాదు, గని వంకర వంకరే గదా, గుర్తువట్టిన. "సూడవ్వా, నువ్వు మేకులు పీకేదానికి రెండేండ్ల ముందే గీసిన కాయిదం ఇది. మలుపు అప్పుడే ఉన్నది. గక్కడ భూమిల పెద్ద బండ. పగలగొట్ట పైసల్లేక పక్కకు తిప్పిన్రు. మేకులు పోతే వాళ్లు మళ్ల కొలిసి గదే జాగల కొడ్తరు. నువ్వు పీకింది కట్టెలే గని, సడకు గాదు" అన్నది. నేను మూడుసార్లు అడిగిన. నిజమా? నిజమా? మీ అమ్మ మీద ఒట్టా? ఆ పిల్ల ఓపికకు దండం పెట్టాలె, మూడుసార్లు గూడ చెప్పింది.

గా పిల్ల బండెక్కి పోయినంక నేను వాకిట్ల కూలవడి ఏడ్సిన. ఏడుపు గాదు బిడ్డా, నెత్తి మీది కెళ్లి గంప దిగితే మెడ తేలికవడ్తది సూడు, అట్లనే వడ్డది నా పానం. చెప్పులు గూడ తొడుక్కోలే, గట్లనే మీ ఇంటికి ఉరికిన.

మీ అవ్వ చాటల బియ్యం చెరుగుతున్నది. అంత చెప్పిన. నా తప్పు లేదట అని ముందుగాల చెప్పలే. పీకిన అనే ముందుగాల చెప్పిన. చాట ఆగింది. నేను బండ సంగతి గూడ చెప్పి అయిపోయినంక తిట్టుడు షురూ చేసింది సూడు! ముసలి ముండ, పిచ్చి ముండ, నీ బుద్ధి గడ్డి తిన్నదా అని, వాడోళ్లంత దర్వాజల కాడికి వచ్చిన్రు. "గప్పుడే చెప్తె ఏమైతుండె? తిడుదును, కొడుదును, నాలుగొద్దులు మాట్లాడకపోదును. మళ్ల నువ్వే కావాల్నని వత్తును. నా మొగడు పోయిండు సరే, ఇన్నేండ్లు నువ్వు నా ముంగట కూసొని తిన్న బువ్వ నీ వొంటికి వట్టనిస్తివా? నా దుఃఖమే గాక నీ దుఃఖం వేరేగ వెట్టుకొని ఏడిస్తివా?" అని ఆమె ఏడ్సింది. ఇద్దరం ఏడ్సినం. తర్వాత, "కూసో, కారం అన్నం ఉన్నది తిందువు" అన్నది. తిన్న బిడ్డా. రెండుసార్లు ఏపిచ్చుకొని తిన్న.

గిప్పుడు బండ పగలగొట్టిన్రు, కొత్త సడకు పడ్డది. పాత మలుపు తునక పక్కకు మిగిలింది, అండ్ల మనోళ్లు వడ్లు ఆరవోస్తున్నరు.

మొన్న సోమారం మీ అవ్వ, నేను కండ్ల దవాఖానకని తొర్రూరు బస్సెక్కినం. ఆడోళ్లకు టికెట్ లేదాయె, దొరసానుల తీరు ముంగటి సీట్ల కూసున్నం. ఆమె మోకాళ్ల నొప్పులు, మా కోడలు చేసే ఉప్పులేని పప్పు, మీ నాయిన కొన్న బర్రె, నీ పెండ్లి ముచ్చట... ఆఁ, నీ పెండ్లి ముచ్చటే, సిగ్గువడకు... మాట్లాడుకుంట పోతున్నం. ఒక్కసారి నాకు యాదికొచ్చి, "ఏందే ఎంకటీ, మలుపు జాగ ఇంక రాలేదా?" అన్న. మీ అవ్వ కిటికీల కెళ్లి సూసింది. నా దిక్కు మర్రింది.

"ఎప్పుడో దాటినమే బుచ్చీ. మనకే తెల్వలే" అన్నది.

గంతే బిడ్డా ముచ్చట. ఇగ ఆపు గా ఫోను. నువ్వు నూరేండ్లు సల్లగుండాలె. కడుపుల ఏదన్న ఉంటే ఎవలకన్న చెప్పుకో, తిడితే తిడ్తరు... ఇగో, బండి మెల్లగ నడుపు, మీ అవ్వను నేను అడిగిన్నని చెప్పు... రేపు వస్తనని గూడ చెప్పు...