గాజు తలుపు దాటొచ్చిన ముసలావిడ

"నేను చెయ్యి పెడితే రాని వీసా ఇంకా పుట్టలేదమ్మాయ్!" అన్నాడు వీసాల బాబాయ్, టీ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టి.

ఆ అమ్మాయి అడిగింది అది కాదు. "మా అమ్మ వీసా ఏమైంది బాబాయ్?" అంది, అంతే. బట్టలు కుట్టే షాపులో పని ఆమెకి. నెలలు నిండిపోయాయి, మిషను ముందు కూర్చుంటే పొట్ట బల్లకి తగులుతోంది. అమ్మ ఉండేది వేరే దేశంలో. ఇక్కడ మొగుడు తప్ప ఇంకో మనిషి లేదు, ఆ మొగుడేమో పొద్దున పోతే మళ్ళీ దీపాలు పెట్టాకే రావడం. పురిటికి అమ్మ పక్కనుండాలి, ఆమెకి ఇంకేమీ వద్దు. వేవిళ్ళు తగ్గకముందే కాగితాలన్నీ తెచ్చి ఈ మహానుభావుడి చేతిలో పోసింది. అప్పట్నుంచీ ఒకటే పాట. "ఆఫీసులో పెట్టేశా తల్లీ, పైన టేబులు మీదుంది, ఇవాళో రేపో." దానికి తోడు పొద్దుట్నుంచి అమ్మ ఫోను ఎత్తడం లేదు.

ఎదురుగా వీసా ఆఫీసు షట్టరు సగం దించేసి ఉంది, భోజనాల వేళ. దుమ్ము కమ్మి వీధంతా బూడిదరంగుకి తిరిగింది. ఆఫీసు తెరిచేదాకా కూర్చుందామని ఆమె టీ కొట్టు బెంచీ మీద మెల్లగా చతికిలబడింది. వినేవాళ్ళు దొరికారు కదా, ఇంక ఆయన ఆగుతాడా?

"మొన్నటికి మొన్న ఒకాయన బావమరిది వీసా, ఇదిగో, ఈ అక్క ఇచ్చిన టీ చల్లారేలోపు తెచ్చి చేతిలో పెట్టా."

"అక్క ఇచ్చేదే చల్లటి టీ కదా," అన్నాడు టాక్సీ డ్రైవరు.

"నీ నోరు పడ! రేపట్నుంచి నీకు అదీ లేదు పో," అంది టీ కొట్టు అక్క.

"నవ్వండి, నవ్వండి. బావమరిదిదేముంది, చిటికెలో పని. ఇంకొకతనుండేవాడు, లిఫ్టులు బాగుచేసేవాడు, వాళ్ళావిడ పురిటికి వాళ్ళమ్మని పిలిపించుకోవాలని అప్లికేషను పెట్టడం, వాళ్ళు కుదరదనడం, పెట్టడం, కుదరదనడం. చివరికి నా కాళ్ళ మీద పడ్డాడు. సరే కదా అని నేనెళ్తే, లోపలున్న పెద్దాఫీసరు నన్ను చూసి లేచి, తన కుర్చీ నాకు వేసి, తను నిలబడి సంతకం పెట్టాడయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీసా పట్టుకుని వాడింటికెళ్తే వాడు తలుపు తీసి గొల్లుమన్నాడు. అమ్మ పోయిందిట."

"అయ్యయ్యో," అంది అక్క.

"మీరైతే ఏం చేస్తారు? వీసా చింపేసి ఇంటికెళ్ళి పడుకుంటారు. నేనా! 'ఒరేయ్, నేను వీసా తీశానంటే మనిషి దిగి తీరాలి, టికెట్టు కొను' అన్నా. కొన్నాడు. ఇద్దరం ఎయిర్‌పోర్టుకెళ్ళాం. విమానంలో వచ్చినవాళ్ళంతా ట్రాలీలు తోసుకుంటూ బయటికొచ్చేశారు, కావలించుకోవాల్సినవాళ్ళు కావలించుకున్నారు, పోయారు. ఇంక ఎవరూ లేరు. తుడిచేవాడు కూడా తుడిచి పోయాడు. అక్కడ గాజు తలుపులుంటాయి చూశారూ, మనిషి దగ్గరికొస్తే వాటంతటవే తెరుచుకునేవి, అవి మూసుకున్నాయి. ఆ మూసిన తలుపుల్లోంచి ఒక ముసలావిడ నడుచుకుంటూ వచ్చింది."

అక్క స్టవ్వు మంట తగ్గించింది. ఎవరూ చెప్పకుండానే అందరి గొంతులూ తగ్గాయి.

"తెరుచుకోలేదా?" అన్నాడు డ్రైవరు.

"ఎలా తెరుచుకుంటాయిరా, వాటికి మనిషి తగిలితేగా! లోపల పాస్‌పోర్టులు చూసే ఆఫీసరు ఎందుకొచ్చావమ్మా అంటే, 'చూసి పోదామని' అందిట. టూరిస్టు వీసాకి అంతకన్నా నికార్సైన జవాబుందా? వాడు ముద్ర వేశాడు. వేసింది వేసినట్టే పేజీలోకి ఇంకిపోయింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ పోయింది. పాపం, వాడి కుడిచెయ్యి ఇప్పటికీ పైకి లేవదు."

"మనిషెలా ఉంది?"

"చెప్తా విను. తల ఒక పక్కకి వంచి, ఎక్కడినుంచో ఎవరో పిలుస్తుంటే వింటున్నట్టుంది. ఎడమ చెవి తమ్మె తెగిపోయి రెండుగా వేలాడుతోంది, అందుకని దుద్దు ఒక్క కుడిచెవికే. కనుబొమలో పాత గాటు. పెదాలు గట్టిగా బిగించింది. కళ్ళు రెప్ప వేస్తేగా!"

ఆ అమ్మాయి చేతిలో గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. అమ్మకి ఒక చెవి వినబడదు. తల అలా వంచే మాట్లాడుతుంది, అలా వంచే నిద్రపోతుంది. ఆ తమ్మె తెగింది తన వల్లే, పాలు తాగే వయసులో దుద్దు పట్టుకుని లాగేసిందిట. ఈ మనిషి అమ్మని ఎప్పుడు చూశాడు? పోయినావిడ అంటాడేమిటి? బెంచీ కిందుగా ఫోను పట్టుకుని నంబరు నొక్కింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. ఎవరూ ఎత్తలేదు.

"కార్లో కూచోబెట్టుకుని తీసుకెళ్ళా," ఆయన సాగిపోతూనే ఉన్నాడు. "అద్దంలో చూస్తే వెనక సీటు ఖాళీ. వెనక్కి తిరిగితే ఉంది. ఇంట్లో బాలింత నిద్రపోతోంది, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఈవిడ వెళ్ళి పక్కన నిలబడింది. బిడ్డ టక్కున ఆపేసింది. ఆపేసి ఏం చేసిందో తెలుసా? తను కూడా తల ఒక పక్కకి వంచి, గోడకేసి చూసి నవ్వింది."

"చాల్లే ఊరుకోవయ్యా, నిండు చూలాలు కూచునుంది ఇక్కడ," అంది అక్క.

ఊరుకుంటేనా! "అంతే, ఆ లోకంలో నా పేరు మోగిపోయింది. తాతలు, ముత్తాతలు, అందరికీ మనవల్ని చూసుకోవాలని ఉండదూ? నా షాపు గుమ్మం దగ్గర్నుంచి ఈ కొట్టు దాకా లైను. ఆఫీసులో నా కోసం వేరే కిటికీ తెరిచారు. రాజుల కాలంనాటి మనిషొకడొచ్చాడు, ఫోటోకి కత్తి పక్కన పెట్టవయ్యా అంటే పెట్టడు! మీకు కనబడరంతే. ఇదిగో డ్రైవరూ, నీ పక్క కుర్చీ ఖాళీ అనుకుంటున్నావు కదూ?"

డ్రైవరు ఆ కుర్చీ మీంచి చెయ్యి తీసేశాడు. దుమ్ముగాలికి కుర్చీ కొంచెం జరిగింది. ఎవరూ దాన్ని సర్దలేదు.

"ఆ ముసలావిడ... మళ్ళీ వెళ్ళిపోయిందా?" అంది ఆ అమ్మాయి.

"ఎక్కడికి పోతుంది? చచ్చినవాళ్ళ వీసాకి గడువేమిటి? పెన్ను తీసినప్పుడల్లా ఇదిగో, ఇక్కడికొచ్చి నా మొహంలోకే చూస్తుంది," అని చొక్కా జేబు మీద తట్టుకున్నాడు.

"చేతులెలా ఉన్నాయి బాబాయ్?"

"చేతులా?" ఆయన తడుముకున్నాడు. "చేతులకేం, లక్షణంగా ఉన్నాయి. పది వేళ్ళూ చాపి నన్ను దీవించింది కూడా."

అమ్మ కుడిచేతికి రెండు వేళ్ళు లేవు, నూలు మిల్లులో పోయాయి. అమ్మని చూసిన ఎవరికైనా ముందు ఆ చెయ్యే కనబడుతుంది. ఈయనకి కనబడలేదు. భయం పోయి ఆ చోట్లో కోపం భగ్గుమంది.

"మీరావిడని భుజాల దాకానే చూశారు," అంది లేచి నిలబడి. "పాస్‌పోర్టు ఫోటోలో అంతవరకే పడుతుంది. ఆవిడ మా అమ్మ. జేబులోవి తియ్యండి."

బాబాయ్ చెయ్యి జేబుని గట్టిగా మూసేసింది.

"తియ్యవయ్యా!" అంది అక్క. డ్రైవరు ఆగలేదు, ఆ చెయ్యి పక్కకి తోసి తనే తీశాడు. స్టూడియో వాళ్ళిచ్చిన చిన్న కవరు, చెమటకి మెత్తబడిపోయింది. బల్ల మీద దులిపాడు. అదే మొహం, వంచిన తల, తెగిన తమ్మె. అప్లికేషనుకని ఆయన అడిగిన ఫోటో కాపీలన్నీ అందులోనే ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు.

"ఫోటో అంటించకుండా వాళ్ళు అప్లికేషను తీసుకోరుగా," అన్నాడు డ్రైవరు. "అంటే నువ్వసలు పెట్టనేలేదు!"

"అది కాదు... మధ్యలో సర్వరు... రేపు పొద్దున్నే..."

"మా అమ్మని జేబులో పెట్టుకుని తిరుగుతూ, నా ఎదురుగానే చంపేశారు కదా బాబాయ్," అంది ఆ అమ్మాయి. కళ్ళనీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనుకోలేదు.

అప్పుడు ఫోను మోగింది. ఎత్తి స్పీకరు నొక్కింది.

"ఏమే, అన్నిసార్లు చేశావు! నొప్పులొస్తున్నాయా?" అమ్మ గొంతు, రొప్పుతూ. "ఫోను ఇంట్లో వదిలేసి పెట్టె కొనడానికెళ్ళా. చక్రాలున్నది కొన్నాలే. ఇవాళే సర్దేస్తా. వీసా వచ్చిందా? ఎప్పుడు బయల్దేరమన్నాడు మీ బాబాయ్?"

ఆ అమ్మాయి ఫోను తీసుకెళ్ళి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. "మీరే చెప్పండి."

వీసాల బాబాయ్ నోరు తెరిచాడు. అక్క గానీ డ్రైవరు గానీ ఆయనకి ఒక్క మాట అందించలేదు.

"హలో?" అంది ఫోనులోంచి అమ్మ. "హలో... ఎవరూ లేరా అక్కడ?"