‘బెటర్’ అనని నోరు

1988 జూలై పదకొండవ తేదీన మా ఆసుపత్రిలో నర్సుగా చేరి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న సిస్టర్ గారు తొలుత సాధారణ వార్డులోనూ, పిదప శస్త్రచికిత్సా విభాగంలోనూ అవిశ్రాంతంగా సేవలందించి, చివరకు ఐ.సి.యు. తలుపు దగ్గర స్థిరపడ్డారు.

ఆ తలుపు బయట బెంచీల మీద ఎదురుచూసే బంధువులకు సాయంత్రం ఒకసారి కబురు చెప్పడం మా ఆనవాయితీ. ఆ కబురుకు మా పెద్దలు ఏనాడో ఒకే మాట ఖరారు చేశారు: బెటర్. జ్వరం దిగినా బెటరే, ఊపిరికి మిషను పెట్టినా బెటరే. చేతులెత్తేసిన రోజున మాత్రం ‘ఇంటికి తీసుకెళ్తే బెటర్’ అనేవారు.

సిస్టర్ గారి నోట ఆ మాట రాలేదు. పొరుగూరికి పనికి బయలుదేరుతున్న ఒక వడ్రంగితో, “అమ్మగారు నిన్నటిలాగే ఉన్నారు బాబూ. రాత్రికి ఇక్కడే ఉండండి” అన్నారు. అతను ఆగిపోయాడు. తెల్లవారి ఆమె చేతులు పట్టుకుని, “మీరు నిజం చెప్పబట్టి అమ్మ నన్ను చూసి పోయింది” అని భోరుమన్నాడు.

సూపరింటెండెంట్ గారికి ఇది గిట్టలేదు. “ఆ ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయిందమ్మా? జనం బెంబేలెత్తి వేరే ఆసుపత్రికి పోతున్నారు!”

“తగ్గితే తగ్గిందనే చెప్తాను సార్. తగ్గకుండా ఎలా చెప్పను?”

మేమంతా ఆమెను చాటుగా ‘చేదుమాత్ర’ అనుకునేవాళ్లం. హెడ్ నర్సు పదవి మూడుసార్లు ఆమె గుమ్మం దాకా వచ్చి మళ్లిపోయింది. మూడుసార్లూ చెప్పిన కారణం ఒకటే, ఆమెకంటే బెటర్ వ్యక్తి దొరికారని. అలా అనడానికి యాజమాన్యం వారికి ఎన్నడూ నోరు నొప్పి పుట్టలేదు.

ఈ నెల మొదట్లో ఆమె భర్తను, మా అందరికీ బావగారిని, అదే ఐ.సి.యు.లో చేర్చారు. డ్యూటీ దిగాక సిస్టర్ గారు అందరిలాగే బెంచీ మీద కూర్చుంటున్నారు. మొన్న సాయంత్రం కబురు చెప్పడానికి వచ్చిన నర్సు, ఆమె దగ్గర పని నేర్చుకున్న మనిషే.

“ఒక్కసారి బెటర్ అని చెప్పవే తల్లీ. అబద్ధమైనా సరే.”

ఆ నర్సుకు కళ్లనీళ్లు తిరిగాయి. “నిన్నటిలాగే ఉన్నారక్కా. రాత్రికి ఇక్కడే ఉండండి.”

సిస్టర్ గారు తలూపి, కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్లీ బెంచీ మీద కూర్చున్నారు. ముప్పై ఏళ్లకు పైబడి ఎందరికో ఆమె చెప్పిన నిజం ఎంత బరువో ఆ సాయంత్రం మాకు తెలిసింది. ఆమెకు పదవి ఇవ్వని సంస్థ ఇప్పుడు సన్మానం చేస్తోంది. సిగ్గుగా ఉంది.

ఇలాంటి వ్యాసం చివర, రాబోయే రోజులు ఇంతకంటే బాగుంటాయని రాయడం మర్యాద. ఆమె చదవబోయే కాగితం మీద ఆ మాట రాయడానికి మాకు ధైర్యం చాలలేదు. సిస్టర్ గారికి సంపూర్ణ ఆరోగ్యం, దీర్ఘాయుష్షు కలగాలనీ, బావగారు ఆమె చేయి పట్టుకుని ఆ తలుపు దాటి నడిచి రావాలనీ మనసారా కోరుకుంటున్నాం. ఇది మా కోరిక సిస్టర్ గారూ, కబురు కాదు.